అయిదో తలుపు

ఎప్పటి మాటో ఇది పిల్లలూ, మన తాతల తాతలు కూడా పుట్టలేదు. రత్నగిరిని ఒక రాజుగారు ఏలుతుండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతుడు కత్తిసాములో దిట్ట. నడిపివాడు శూరకేతుడు గుర్రపుస్వారీలో దిట్ట. చిన్నవాడు చంద్రకేతుడు లెక్కల్లో దిట్ట. దిట్టనని తనే చెప్పుకునేవాడు లెండి! సభలో ఎవరైనా చిక్కులెక్క అడిగితే నోటికొచ్చిన అంకె గట్టిగా చెప్పేసేవాడు. రాజుగారబ్బాయి తప్పు చెప్పాడనే ధైర్యం ఎవరికుంది?

ఒకనాడు ధూమ్రకర్ణుడనే మాంత్రికుడు రాజుగారి మేనకోడలు హేమలేఖను ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక ఏడు సముద్రాల అవతల రాగికోటలో ఉంది. అన్నదమ్ములు ముగ్గురూ ఒక ముసలి తాబేలు వీపెక్కి ఒక సముద్రం దాటారు, ఇంకో సముద్రం దాటారు, అలా అలా ఏడూ దాటారు.

కోటగోడకు వరసగా అయిదు తలుపులు. మొదటిదాని మీద 1 అని చెక్కి ఉంది. రెండోదాని మీద 11. మూడోదాని మీద 21. నాలుగోదాని మీద 1211. అయిదోది ఖాళీ.

"దాని మీద ఏముండాలో చెబితే తెరుచుకుంటుంది. తప్పు చెప్పినవాడు రాయైపోతాడు. జాగ్రత్త నాయనా!" అంది తాబేలు.

"మన లెక్కల పండితుడుండగా భయమేమిటి? చెప్పరా తమ్ముడూ," అన్నాడు వీరకేతుడు.

చంద్రకేతుడికి ఏమీ తోచలేదు. తోచలేదని చెప్పడానికి నోరు రాలేదు. "చివరిదాన్ని రెట్టింపు చేయాలన్నయ్యా. 2422," అన్నాడు.

వీరకేతుడు తలుపు ముందు ఆ మాటే పలికాడు. పలికి రాయైపోయాడు.

"ఖాయంగా చెప్పు తమ్ముడూ," అన్నాడు శూరకేతుడు.

అప్పుడైనా చెప్పొద్దూ! చెప్పలేదు. "అన్నీ కూడాలన్నయ్యా. 1244. ఖాయం," అన్నాడు. శూరకేతుడూ రాయైపోయాడు.

చంద్రకేతుడు ఆ రెండు రాళ్ల మధ్య కూలబడ్డాడు. తలెత్తి వాటి వంక చూడలేకపోయాడు. "తాతా, నాకు తెలియదు. మొదటినుంచీ తెలియదు," అని వెక్కివెక్కి ఏడ్చాడు.

"నాకూ తెలియదు నాయనా, నాకు చదువే రాదు. ఆ తలుపుల మీద ఏముందో కాస్త చదివి చెప్పు," అంది తాబేలు.

చిన్నపిల్లాడిలా వేలు పెట్టి చదివాడు. "మొదటిదాని మీద ఒక ఒకటి. రెండోదాని మీద రెండు ఒకట్లు. మూడోదాని మీద..." అని ఆగిపోయాడు. మూడోదాని మీద ఉన్నది రెండు, ఒకటి. తను ఇప్పుడే అన్న మాటే! ప్రతి తలుపూ తన ముందు తలుపు మీద ఏముందో చెబుతోంది, అంతే. నాలుగోదాని మీద ఏముంది? ఒక ఒకటి, ఒక రెండు, రెండు ఒకట్లు.

"111221!" అని అరిచాడు. తలుపు తెరుచుకుంది. సంతోషం కలగాల్సింది పోయి సిగ్గు ముంచుకొచ్చింది. తెలియదని ముందే అని ఉంటే ముగ్గురూ కూర్చుని చదువుకునేవాళ్లు కదా!

లోపల పంజరం, పంజరం పక్కన ధూమ్రకర్ణుడు. వాడు నవ్వాడు. "రాకుమారా, చిలుకను ముడితే నీ అన్నలు లేస్తారు. లేస్తే నీ పరువు గంగలో కలుస్తుంది. పిల్లను తీసుకుని పో. రాళ్లు ఎవరికీ ఏమీ చెప్పవు."

చంద్రకేతుడి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగినందుకు చచ్చేంత సిగ్గేసింది.

"అయితే నా మరదలిని పిలు," అన్నాడు. మాంత్రికుడు అటు తిరగగానే చిలుకను పట్టి మెడ నులిమేశాడు. వాడు కుప్పకూలాడు.

బయట అన్నలు కళ్లు నులుముకుంటూ లేచారు. "క్షమించు తమ్ముడూ, నువ్వు చెప్పింది నేనే తప్పుగా పలికి ఉంటాను," అన్నాడు వీరకేతుడు.

ఆ మాట విని చంద్రకేతుడి గుండె చెరువైంది. వెంట బయటికి వచ్చిన హేమలేఖ కూడా వింటోంది. అయినా వాళ్ల కాళ్ల మీద పడ్డాడు. "లేదన్నయ్యా. నాకు తెలియక, తెలియదనడానికి సిగ్గుపడి, మిమ్మల్ని రాళ్లను చేశాను."

అన్నలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి వీరకేతుడు తల వంచుకుని, "మాకు మాత్రం తెలుసా ఏమిట్రా? తెలియదని చెప్పుకోలేకే నీ మీదికి నెట్టాం," అన్నాడు.

హేమలేఖను చంద్రకేతుడికే ఇచ్చి ఆకాశమంత పందిరి, భూదేవంత పీట వేసి పెళ్లి చేశారు. ఆమె తండ్రి కూడా ఒక రాజే. ఆయనకు కొడుకులు లేనందున ఆ రాజ్యమూ అతనికే వచ్చింది. ముసలివాడయ్యేదాకా చల్లగా ఏలాడు. సభలో తెలియని సంగతి వస్తే "నాకు తెలియదు" అనేవాడు. అన్న ప్రతిసారీ చెవులు ఎర్రబడేవి. అయినా అనేవాడు.