బొంత మీద పెత్తనం

ఎర్రునాయుడికి వీపు గడ్డకట్టింది. పరువు కూడా పోయేలా ఉంది.

అరవై దాటాక నూకయ్య స్వామికి శిష్యుడినవుతానని అతను కొండెక్కుతుంటే, భార్య తవిటమ్మ గడపలో నిలబడి ఒకే మాట అంది.

"చలేస్తే నువ్వే దిగొస్తావులే."

"దిగొస్తే నా పేరు మార్చెయ్!" అని వీధంతా వినేలా అరిచి మరీ వచ్చాడు.

కొండ మీద నేలంతా చెమ్మ, చెమ్మ నిండా జలగలు. అందుకని గురుశిష్యులిద్దరూ చెట్లకు గుడ్డ ఊయలలు కట్టుకుని పడుకునేవారు. పైన కంబళి కప్పుకున్నా, చలి కింద నుంచి వచ్చి వీపు కొరికేది.

నాయుడు ఊరికే రాలేదు. తన చేత్తో బూరుగు దూది కూరి కుట్టుకున్న బొంత తెచ్చుకున్నాడు. కుడుతున్నప్పుడు తవిటమ్మ "అంతలా కుక్కకయ్యా, దూదిని కాస్త ఆడనీ" అంటే, "బొంత నాదా నీదా?" అని నోరు మూయించాడు.

ఆ బొంతను ఊయలలో పరుచుకుని పడుకున్నాడు. చలి. కొండ మీది బూరుగు దూది ఏరి ఇంకాస్త కూరాడు. ఇంకా చలి.

స్వామి మాత్రం గోనెసంచుల్లో ఎండుగడ్డి వదులుగా నింపి, వాటిని ఊయల కింద, బయటివైపు వేలాడదీసి, పైన హాయిగా గురకపెట్టేవాడు.

"మంచం కింద పరుపేసుకున్నోడిని మిమ్మల్నే సూసేను సామీ!" అని నాయుడు నవ్వబోయాడు. పళ్లు టకటకలాడి నవ్వు సగంలోనే ఆగింది.

స్వామి "ఊఁ" అన్నాడంతే.

వారం తిరక్కుండానే నాయుడు మూట కట్టేశాడు. తెల్లారితే దిగిపోవడమే. ఆ సాయంత్రం మసక చీకట్లో వాగుకెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చేసరికి ఊయలలో బొంత లేదు.

"సామీ, నా బొంతేది?"

"ఉంది. పడుకో."

"ఎక్కడుందీ?"

"పడుకుంటే తెలుస్తాది."

"సలికి సస్తే ఆ పాపం మీదే!" అని నాయుడు ఒట్టి గుడ్డ మీదే కంబళి లాక్కుని పడుకున్నాడు. చావు కోసం పంతంగా ఎదురుచూస్తూ నిద్రపోయాడు.

ఎండ ముఖాన కొడితే గానీ మెలకువ రాలేదు. కంబళిని ఎప్పుడు తన్నేశాడో, కాళ్ల దగ్గర పడి ఉంది. వంగి కిందికి చూశాడు. ఎక్కువైన దూది తీసేసిన బొంత, ఊయల అడుగున తాళ్లతో వదులుగా కట్టి ఉంది. గుడ్లు పొదిగే కోడిపెట్టలా ఉబ్బి ఉంది.

"అదే బొంత కదా సామీ! నా ఈపు కిందున్నప్పుడు ఈ వెచ్చదనం ఏటైపోనాది?"

స్వామి పొయ్యి ఊదుతూ తలెత్తలేదు.

"దాని మీదెక్కి పడుకున్నావు కదా నాయుడూ. ఊపిరాడనిస్తే కదా అది వెచ్చబెట్టేది."

నాయుడు బొంతను వేలితో నొక్కి వదిలాడు. 'దూదిని కాస్త ఆడనీ' అన్న తవిటమ్మ మాట గుర్తొచ్చింది.

"సంతకి దిగేవోళ్లు ఎవరైనా ఉన్నారా సామీ? తవిటమ్మకి కబురెట్టాల."

"ఏటని?"

నాయుడు గొంతు సవరించుకున్నాడు.

"నాకో కొత్త పేరు సూసి ఉంచమని."