శౌరమ్మ పూసలు

అనగనగా ఒక కాలవ. కాలవకి ఈ గట్టున ఒక గుడి, ఆ గట్టున ఒక గుడి. రెండు గుళ్లలోనూ ఉన్నది యేసుప్రభువే. అయినా ఈ గట్టు బాప్తిస్టులు ఆ గట్టు ఆర్సీయం కతోలిక్కుల్ని నమ్మేవాళ్లు కాదు.

ఆ గట్టున శౌరమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు, పూరిపాక తప్ప ఆస్తి లేదు. మెడలో కుంకుడు గింజల జపమాల, అదీ తను గుచ్చుకున్నదే. రెండు గట్ల మీదా ఏ బిడ్డ పుట్టినా మొదట పట్టుకునేవి ఆమె చేతులే.

ఈ గట్టున దెబోరమ్మ ఉండేది. ఆడవాళ్ల ప్రార్థన కూటానికి పెద్ద. ఆవిడకి శౌరమ్మ మీద అనుమానం. వచ్చిన అనుమానం ఊరికే పోతుందా?

మొదట పెదవుల మీద అనుమానం. పొరుగింట్లో పురుడు పోస్తూ శౌరమ్మ ఏదో గొణిగింది. "మరియమ్మని పిలుస్తోంది. మనకీ దేవుడికీ మధ్యన ఇంకొకరెందుకు?" అంది దెబోరమ్మ.

తర్వాత నీళ్ల మీద అనుమానం. బతకదనుకున్న ఓ పసిగుడ్డు నెత్తిన శౌరమ్మ నీళ్లు పోసిందట. "బాప్తిస్మం బుద్ధెరిగాక తీసుకోవాలి. ఇది మన పిల్లల్ని దొంగచాటుగా వాళ్లలో కలిపేస్తోంది," అంది.

ఆ తర్వాత పూసల మీద అనుమానం. "పూసలు తిప్పితే దేవుడు దిగొస్తాడా?" అంది.

కూటంలో అందరూ అవునంటే అవునన్నారు. నొప్పులొచ్చినప్పుడు మాత్రం బల్లకట్టెక్కి ఆ గట్టుకే పరిగెత్తారు.

ఒకనాడు పొద్దున్నే దెబోరమ్మ ఒక్కగానొక్క కూతురు కెజియకి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. శౌరమ్మ వచ్చింది. దెబోరమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఆ దండ బయట పెట్టి రా. నా ఇంట్లో నోరు మెదపబాక."

శౌరమ్మ దండ తీసి దడికి తగిలించి లోపలికెళ్లింది.

పొద్దెక్కింది. శౌరమ్మ ముక్కమంది, కెజియ ముక్కింది. బిడ్డ రాలేదు. మళ్లీ ముక్కమంది, మళ్లీ ముక్కింది. బిడ్డ రాలేదు. మూడోసారికి పిల్ల కళ్లు తేలేసింది. దెబోరమ్మ శౌరమ్మ మీదికొచ్చింది.

"ఏందే ఇది? ఏం చేస్తున్నావ్ నా బిడ్డని?"

"లెక్క తప్పింది వదినా. తొందరపడి ముక్కమన్నా. నొప్పికీ నొప్పికీ మధ్య పది పూసలు తిరిగితే ఇంకా ఆగాలి. అయిదుకి దిగితే బిడ్డ బయల్దేరినట్టు. పూసలు లేకపోతే నాకు తెలవదు."

దెబోరమ్మకి ప్రాణం లేచొచ్చింది. "అయితే అది లెక్కేనా? జపం కాదుగా?"

శౌరమ్మ అబద్ధం ఆడొచ్చు. ఆడితే గొడవ వదిలిపోయేది.

"జపం కాకేం? పూసకొక మంగళవార్త, మరియమ్మ జపం. ఆ జపమే నా లెక్క."

దెబోరమ్మ కూతురి మొహం చూసింది. బయటికెళ్లింది. ఒంటికి తగలకుండా కొంగు చివరతో దండ పట్టుకొచ్చింది.

"నా రెండు చేతులూ పిల్ల మీదున్నాయి. నువ్వే తిప్పు," అంది శౌరమ్మ.

"నేనా! ఆ జపం చచ్చినా చెప్పను."

"నీకొచ్చిందే చెప్పు."

"యేసయ్యా, నా బిడ్డని కాపాడు," అంటూ దెబోరమ్మ ఒక పూస జరిపింది.

"పొట్టిగా ఉంది వదినా. పూసకి మూడుసార్లు అను."

మూడుసార్లంది. పూస జరిపింది. మూడుసార్లంది. పూస జరిపింది. కొంగు ఎప్పుడు జారిపోయిందో, వట్టి వేళ్లతోనే తిప్పుతోంది. పన్నెండు పూసలు, పది పూసలు, ఎనిమిది పూసలు. అయిదు పూసలకి శౌరమ్మ, "ఇప్పుడమ్మా, ఇప్పుడు ముక్కు," అంది. ఆడపిల్ల కేరుమంది.

దెబోరమ్మ మనవరాలిని లాక్కుని ముందు మాడు తడిమింది. "తడిగా ఉందే! నీళ్లు పోశావా?"

"ఇప్పుడే పుట్టిన పిల్ల పొడిగా ఎట్టుంటది వదినా?" అని శౌరమ్మ నవ్వింది.

కొన్నేళ్లకి శౌరమ్మ పోయింది. దెబోరమ్మ మొదటిసారి కాలవ దాటింది. కొవ్వొత్తి పట్టుకోలేదు, మోకరించలేదు. సమాధి దగ్గర నిలబడి, "యేసయ్యా, శౌరమ్మని..." అని నాలిక కరుచుకుంది. చచ్చిపోయినవాళ్ల కోసం ప్రార్థించకూడదని చెప్పింది ఆవిడే మరి. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ కరుచుకుంది. మూడోసారి మొహానికి కొంగు కప్పుకుంది. లోపల ఏమందో ఎవరికీ తెలీదు. ఆనాటినుంచీ కూటం ఆడవాళ్లకి దెబోరమ్మ మీదే అనుమానం.

ఈ గట్టున ఇప్పటికీ ఏ ఇంట్లోనూ జపమాల ఉండదు. పురుళ్లు కూడా ఆసుపత్రిలోనే. అయినా నొప్పులు పడే పిల్ల పక్కన ఓ ముసలమ్మ చేరుతుంది. "యేసయ్యా, నా బిడ్డని కాపాడు" అని మూడుసార్లు చెప్పి ఒక వేలు ముడుస్తుంది, మళ్లీ మూడుసార్లు చెప్పి ఇంకో వేలు ముడుస్తుంది. బయట వరండాలోంచి చుట్టాలు, "ఎన్ని పూసలయ్యాయే?" అని అడుగుతారు. పూసలేంటని కొత్త నర్సమ్మ అడిగితే, "శౌరమ్మవి" అంటారు. పాస్టరుగారు అడిగితే మాత్రం ఎవరూ పలకరు.