కంటకయ్య పీకేసిన తొలిపువ్వులు

అనగనగా మంచుకొండల కింద ఒక అడవి ఉండేది. ఆ అడవిలో కంటకయ్య అని ఒక ముళ్ళపంది ఉండేవాడు. ఇంతింత పొట్టి కాళ్ళు, ఇంత బారు ముళ్ళు, అంతకంటే బారు పట్టుదల. అడవిలో ఉన్న ప్రతి మొక్కనీ చూడాలి, పేరు పెట్టాలి, ఏ కుటుంబానిదో తేల్చాలి. అదీ ఆయన పని. కొత్త మొక్క కనబడితే చాలు, తన వీపు మీదనుంచి ఒక ముల్లు చురుక్కుమని పీకి దాని పక్కన గుచ్చేవాడు. ముల్లు గుచ్చాడంటే ఆ మొక్కకు పేరు పెట్టేసినట్టే. నవ్వకండర్రా! నొప్పి పుడుతున్నా పని మానలేదంటే ఎంత ఇష్టమో చూడండి.

అలా మూడొందల మొక్కలకు పేర్లు పెట్టాక, తొలిపువ్వు దగ్గరికి వచ్చాడు. మంచు కరగ్గానే అన్నిటికన్నా ముందు పూసేది అదే. మనుషులు దాన్ని ప్రిమ్‌రోజ్ అంటారట. చలికాలమంతా నేలలో ముడుచుకుని పడుకున్న తుమ్మెదలకు ఏడాదిలో మొదటి ముద్ద ఆ పువ్వులోనే దొరికేది. కొండవాలు మొత్తం లేతపసుపు రంగు పరుచుకునేది.

కంటకయ్య మొదటి పువ్వులోకి తొంగిచూశాడు. గొంతులో పచ్చగా, గుండుసూది తలలాంటి బొడిపె ఒకటి కనిపించింది. "బాగుంది! తొలిపువ్వంటే ఇలా ఉండాలి" అని ముల్లు గుచ్చాడు. పక్క మొక్క చూశాడు. దాని గొంతులో బొడిపె లేదు, పసుపు పుప్పొడి మాత్రం కుక్కినట్టు ఉంది. ఇంకొకటి చూస్తే బొడిపె. మరొకటి చూస్తే పుప్పొడి. వాలంతా సగం ఇవి, సగం అవి.

కంటకయ్యకు చిరాకెత్తింది. "ఒక్క మొక్కకు రెండు మొహాలేమిటి? పద్ధతీ పాడూ లేదా?" అన్నాడు. వచ్చే వసంతానికి చుట్టుపక్కల అడవుల పెద్దలు ఆయన పని చూడ్డానికి వస్తామని కబురు చేశారు. వాళ్ళ ముందు ఈ గందరగోళం ఏమని చూపిస్తాడు? అందుకని పుప్పొడి గొంతు మొక్కలు చెడిపోయినవని తేల్చేశాడు. గోళ్ళతో తవ్వి, వేళ్ళతో సహా పీకడం మొదలుపెట్టాడు.

కుందేలు అటుగా పోతూ ఆగింది. "ఏం బాబాయ్, పేర్లు పెట్టడం మానేసి కలుపు తీస్తున్నావా?" అని ఆటపట్టించింది.

"నీకు తెలీదులేవే, వెళ్ళు" అన్నాడు కంటకయ్య.

అప్పుడు జుంటమ్మ వచ్చింది. జుంటమ్మంటే ఆ వాలులోని తుమ్మెదలన్నిటికీ పెద్దది. "కంటకయ్యగారూ, ఆగండి బాబూ! మాకు రెండూ కావాలి" అంది.

"ఎందుకు?"

"ఎందుకో నాకు చెప్పడం రాదు. మా అమ్మ ఇందులో దూరి అందులోకి పోయేది. నేనూ అంతే."

"చెప్పడం రానిదాన్ని నేనెలా నమ్మను?" అని ఆయన తవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు జుంటమ్మ మళ్ళీ వచ్చి బతిమాలింది. ఆయన తలెత్తలేదు. మూడోనాడు కూతుళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చి, "సగమైనా ఉంచండి, మీకు పుణ్యముంటుంది" అని ఏడ్చింది. కంటకయ్య ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలోనే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! కానీ ఆగలేదర్రా. ఆ రకంలో చివరి మొక్క దాకా పీకేశాడు.

వసంతం వచ్చింది, పెద్దలు వచ్చారు. వాలంతా ఒకే మొహం పువ్వులు చూసి, "భేష్ కంటకయ్యా!" అన్నారు. ఆయన ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. ఆ ఏడాది గింజలు కట్టలేదు. చలి ఎక్కువైందేమో అనుకున్నాడు. రెండో ఏడాదీ కట్టలేదు. వాన తక్కువైందేమో అనుకున్నాడు. మూడో ఏడాదికి ముసలి మొక్కలు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే, వాటి చోట కొత్త మొలక ఒక్కటీ లేచిరాలేదు. అప్పుడాయనకు అనుమానం వచ్చింది.

ఒక కాయ విప్పి చూస్తే లోపల ఖాళీ. పువ్వును నిలువునా చీల్చి చూశాడు. బొడిపె పైన ఉంది, పుప్పొడి ఎక్కడో అడుగున ఉంది. పీకేసిన పువ్వుల్లో పుప్పొడి పైన ఉండేది. అంటే వాటి బొడిపె అడుగునే ఉండి ఉంటుంది! తుమ్మెద ఒకదాని పుప్పొడి అంటించుకుని రెండోదాని బొడిపెకు రాస్తేనే గింజ కడుతుంది. తనలాంటి దానితో కట్టదు. జుంటమ్మకు చెప్పడం రానిది ఇదే.

"అయ్యో, ఎంత పని చేశాను! ఆ రోజు ఒక్క పువ్వునైనా చీల్చి చూడలేదే!" అని కంటకయ్య తల బాదుకున్నాడు. తుమ్మెదల కోసం వెతికాడు. మొదటి ముద్ద దొరక్క సగం తుమ్మెదలు చచ్చిపోయాయి. మిగిలినవి కొండ దాటి వెళ్ళిపోయాయని కుందేలు చెప్పింది. ఈసారి అది ఆటపట్టించలేదు.

ఆ పొట్టి కాళ్ళతోనే కంటకయ్య కొండ దాటాడు. నెల పట్టింది. అవతలి లోయలో జుంటమ్మ కనిపించింది. రెక్కల అంచులు చిరిగిపోయి, ఒక ఆకు కింద కూర్చుని ఉంది.

"జుంటమ్మా, తప్పయిపోయింది. రండమ్మా, పోదాం" అన్నాడు.

జుంటమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇదిగో, మీరు పీకేసిన రకం ఇక్కడుంది. ఒక మొక్క తీసుకెళ్ళండి. నా రెక్కలు మాత్రం ఇక కొండ ఎక్కవు బాబూ. నాతో వచ్చినవాళ్ళంతా పోయారు, ఇప్పుడున్న పిల్లలు ఇక్కడే పుట్టారు. వాళ్ళకు మన వాలు ఎక్కడుందో కూడా తెలీదు" అంది.

కంటకయ్య ఆ మొక్కను మట్టితో సహా తవ్వి, గుండెకు ఆనించుకుని తెచ్చాడు. వాలులో అప్పటికి పాతది ఒక్కటే మిగిలింది. దాని పక్కన జానెడు దూరంలో నాటాడు. రోజూ వాగునుంచి నోటితో నీళ్ళు తెచ్చి పోశాడు.

మరుసటి వసంతానికి రెండూ ఒకేసారి పూశాయి. ఒకదాని గొంతులో బొడిపె, ఒకదాని గొంతులో పుప్పొడి. ఎంత అందంగా ఉన్నాయో! ఆ పుప్పొడి జిగటది, గాలికి ఎగిరేది కాదు. తన ముల్లుతో తీసి రాద్దామంటే లేత పువ్వు చిరిగిపోతోంది. కంటకయ్య వాటి ముందు కూర్చుని చెవులు రిక్కించాడు. ఝుమ్మనే చప్పుడు ఎక్కడా లేదు. పువ్వులు వాడి రాలిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

నీతి: మనకు అర్థం కానంత మాత్రాన దేన్నీ పనికిరానిదని తీసిపారేయకూడదు. ఆ తర్వాత అర్థమైనా, పోయినవన్నీ తిరిగి రావు.