మారుమాట వైద్యుడు

బొంబాయి దగ్గరి భివండిలో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసే రాజేశం, తన భాష మాట్లాడని మనిషి ఇచ్చిన మందుబిళ్ల కూడా మింగని మొండివాడు. గడ్డం గీయించుకోవాలంటే నాలుగు గల్లీలు దాటి జగిత్యాల మంగలి దగ్గరికే పోయేవాడు. అంగీ కుట్టడానికీ మనవాడే కావాలనేవాడు. కారణం లేకపోలేదు. ఒకసారి జ్వరమొచ్చి దవాఖానాకు పోయి "పాణం మంచిగ లేదు" అంటే, అక్కడి కాంపౌండరు ఆ మాటనే మూతి వంకర పెట్టి అని పదిమందినీ నవ్వించాడు. అలాంటిది ఎవడు మరుస్తాడు? రాజేశమూ మరవలేదు.

ఒక ఎండాకాలం అతని కూతురు సరోజకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దుగూకే వేళకు పిల్ల కళ్లు లోపలికి పోయాయి.

"ఎదురుంగనే డాక్టరమ్మ ఉన్నది. తీస్కపోదాం," అంది భార్య బాలవ్వ.

"ఆమె మరాఠామె. నువ్వొకటి చెప్తే ఆమెకు ఇంకోటి సమజైతది. మనోడు ఎవడన్న దొరుకుతడు, ఆగు."

"నేనైతే ఆగుత. రోగం ఆగుతదా?"

అంతలో కరెంటు పోయింది. వాడలో సాంచాలన్నీ ఒక్కసారే ఆగాయి. ఎప్పుడూ ఉండే ఆ మోత పోయేసరికి చెవుల్లో దూది కుక్కినట్టయింది. ఆ నిశ్శబ్దంలో గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. తెల్ల ధోతి కట్టుకున్న ముసలాయన, చంకలో మందుల సంచి.

"పాణం మంచిగ లేదా, బిడ్డా?" అన్నాడు. అచ్చం రాజేశం ఊరి యాస.

రాజేశానికి కొండంత ధైర్యం వచ్చింది. "రా పెద్దయ్యా, కూసో. పిల్లకు దిష్టి తాకినట్టున్నది."

"దిష్టే తాకింది."

"విన్నవా?" అన్నాడు రాజేశం భార్యతో. "మనోడంటే ఇట్లుంటడు."

ముసలాయన పిల్ల వైపు చూడనే లేదు.

"రేపటికి తగ్గుతది గద?"

"రేపటికి తగ్గుతది."

"నీళ్లు తాపద్దు గద?"

"నీళ్లు తాపద్దు."

సరోజ దాహమని చెయ్యి చాపింది. రాజేశం చెంబు పక్కకు జరిపాడు.

బాలవ్వ ముసలాయన మాటలు చెవి ఒగ్గి వింది. ఈ మనిషి సొంతంగా ఒక్క ముక్కా అనడం లేదు. పైగా ఆ గొంతు మెల్లమెల్లగా తన మొగుడి గొంతైపోతోంది.

"ఇగ భారం నీదే, పెద్దయ్యా. పిల్ల పాణం నీ చేతుల పెడుతున్న," అన్నాడు రాజేశం. వైద్యుడి ముందు మనవాళ్లందరూ అనే మాటే అది.

"పాణం నా చేతుల పెట్టు," అంటూ ఆయన అరచెయ్యి చాపాడు. ఆ అరచేతిలో ఒక్క గీత కూడా లేదు. పిల్ల ఊపిరి సన్నగిల్లింది.

బాలవ్వ లేచి అడ్డం నిలబడింది. "నీది ఏ ఊరు, పెద్దయ్యా?"

"నీది ఏ ఊరు?"

"ఎవరింటోనివి?"

"ఎవరింటోనివి?" ఈసారి పెదవులు కదలకుండానే మాట వచ్చింది.

బాలవ్వ పిల్లను భుజాన వేసుకుని వీధిలోకి ఉరికింది. "బాలవ్వా, ఆగు" అనబోయాడు రాజేశం. అతను నోరు తెరవకముందే ఆ మాట వెనకనుంచి వినిపించింది, అతని గొంతుతోనే. అప్పుడు తిరిగి చూడకుండా పరుగెత్తాడు.

డాక్టరమ్మకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆమె పిల్ల నాలుక చూసింది, పొట్ట మీద చర్మం పట్టి లాగి చూసింది, వెంటనే సెలైన్ ఎక్కించింది. రాజేశం ఏదో చెప్పబోతే వేలు చూపించి బెంచీ మీద కూర్చోబెట్టింది.

మర్నాడు పొద్దెక్కాక సరోజ కళ్లు తెరిచి "ఆకలైతంది" అంది. డాక్టరమ్మకు అర్థం కాలేదు. రాజేశం తన పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఆమె తలూపి గంజి తెప్పించింది.

పిల్లలూ, వైద్యుడు ఏ యాసలో మాట్లాడుతున్నాడని కాదు, రోగిని చూస్తున్నాడా లేదా అని చూడాలి. మన మాటే తిరిగి మనకు చెప్పేవాడిని మనవాడని నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది.