కాగిన నూనె, పైడమ్మ గుండె

దుప్పటి కప్పుకున్నావా? ఊఁ కొడుతూ వినాలి మరి. నీ ఊఁ ఆగితే నా కథ ఆగుతుంది. ఆ గిన్నెల చప్పుడు మీ అమ్మదేలే. ముందు ఈ అమ్మమ్మ కథ విను.

అనగనగా ఉప్పుగాలి వీచే ఒక ఊళ్ళో గవరయ్య అని ఒకాయన ఉండేవాడు. కారప్పూస, బూందీ, జంతికలు అమ్మే కొట్టు ఆయనది. కొట్టు ఆయనదే కానీ చేతులు ఆయన భార్య పైడమ్మవి. తెల్లారకుండానే పొయ్యి మీద మూకుడు పెట్టేది ఆమె. ఎండెక్కాక వచ్చి కుర్చీలో కూర్చునేది ఆయన.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ముందు గవరయ్య తినాలి, తర్వాత అత్తగారు, ఆఖర్న పైడమ్మ. ఇంకో పద్ధతి కూడా ఉండేది. కాగిన నూనె పారబోయకూడదు. వేయించి వేయించి నల్లబడ్డ నూనె కొట్టుకి పనికిరాదు కానీ, ఇంట్లో ఆడవాళ్ళ కూరకి పనికొస్తుందట. అమ్మడానికి పనికిరానిది ఆడదాని పొట్టకి పనికొస్తుందని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళ మెడలో ఒక దండ వెయ్యాలి.

అప్పుడు ఏమయిందంటే, గవరయ్యకి గుండెనొప్పి వచ్చింది. వీధంతా వాకిట్లోకి వచ్చింది. ఆటో వచ్చింది, మొక్కులు వచ్చాయి, ఏడుపులు వచ్చాయి. బతికి బయటపడ్డాడు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ గవరయ్యని కూర్చోబెట్టి చెప్పింది. వేపుళ్ళు, వనస్పతి, మాడిన నూనె మానెయ్యాలి. చేపలు, పప్పులు, ఆకుకూరలు, గుప్పెడు వేరుశెనగలు తినాలి. రోజూ నడవాలి. అలా చేస్తే నెత్తుట్లో చెడ్డ కొవ్వు తగ్గుతుంది, మంచి కొవ్వు పెరుగుతుంది.

మంచి కొవ్వు ఏమిటంటావా? రక్తనాళాల్లో పేరుకునే జిడ్డుని మోసుకుపోయి పారేసే మనిషి లాంటిదమ్మా అది. పని చేస్తున్నంత కాలం దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది తగ్గాకే తెలుస్తుంది, ఇల్లంతా జిడ్డు పట్టిందని.

పైడమ్మ తలుపు పక్కన నిలబడి ఆ మాటలన్నీ నేర్చుకుంది. ఆ రోజు నుంచి మొగుడికి వేరే గిన్నెలో కూర, వేరే సీసాలో నూనె. చేప నడిమి ముక్కలు ఆయనకి, మునగాకు పప్పు ఆయనకి, పొద్దున్నే సముద్రం ఒడ్డున నడక ఆయనకి. మరి ఆయన మానేసినవన్నీ ఏం చెయ్యాలి? డబ్బాలో వనస్పతి ఉంది. కుండలో నల్ల నూనె ఉంది. జల్లెడ అడుగున కారప్పూస నలుసులు ఉన్నాయి. పారేస్తే లక్ష్మి పోతుందని అత్తగారు అంది. పోకుండా పైడమ్మ తినేసింది.

అదమ్మా ఆ ఇంటి తప్పు. ఒక గుండెని కాపాడటానికి పక్కకి తీసిందంతా ఇంకో గుండెలోకి వంపారు.

ఆ తర్వాత ఒకరోజు శనగపిండి బస్తా జరుపుతుంటే పైడమ్మకి ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఒళ్ళొచ్చింది కదా, ఆయాసం రాదా అంది అత్తగారు.

ఆ తర్వాత దవడ లాగింది. చెవి కింద మొదలై గడ్డం దాకా పాకింది. పిప్పి పన్ను అన్నాడు గవరయ్య. ఆమె లవంగం పెట్టుకుని మళ్ళీ జంతికలు తిప్పింది.

ఆ తర్వాత వీపు మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. పొయ్యి ముందు కూర్చున్న మనిషికి చల్లటి చెమట పట్టింది. గ్యాసు అన్నారు. సోడా తాగించారు. మగవాడి రొమ్ములో నొప్పి వస్తే ఆటో, ఆడదాని వీపులో నొప్పి వస్తే సోడా.

ఊఁ కొట్టు. పడుకున్నావా? భయమేస్తోందా? నాకూ వేస్తోంది.

సరిగ్గా ఆ వారంలోనే గవరయ్య నెత్తురు పరీక్ష చేయించుకున్నాడు. చెడ్డ కొవ్వు తగ్గింది, మంచి కొవ్వు పెరిగింది. కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు, తన పట్టుదల అలాంటిదని. పైడమ్మ లోపల బూందీ దూస్తూ విని సంతోషపడింది. ఆ చెయ్యి అప్పటికే తిమ్మిరెక్కుతోంది.

అప్పుడు గవరయ్య అక్క నూకరత్నం తమ్ముడిని చూడటానికి వచ్చింది. గంపలో కవళ్ళు తెచ్చింది. చిన్న చేపలే గానీ గుండెకి మహా మంచివి. పైడమ్మ పులుసు పెట్టింది. గవరయ్య తిన్నాడు, అత్తగారు తింది, నూకరత్నాన్ని కూడా బలవంతాన కూర్చోబెట్టారు. ఆఖర్న పైడమ్మ వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుంది.

నూకరత్నం చెయ్యి కడుక్కోవడానికి వచ్చి మరదలి కంచంలోకి చూసింది. అన్నం. దాని మీద కారప్పూస నలుసులు. నల్ల నూనెలో వేగిన బంగాళాదుంపలు. చేప లేని పులుసు చుక్క.

నీ ముక్కలేవే అని అడిగింది. నాకు పులుసే ఇష్టం వదినా అంది పైడమ్మ. ముక్కలు మిగలని ఇంట్లో ఆడవాళ్ళందరికీ పులుసే ఇష్టం.

నూకరత్నం ఆ కంచం ఎత్తుకెళ్ళి తమ్ముడి ముందు పెట్టింది.

"తిను."

గవరయ్య బెదిరిపోయాడు. "ఇదెలా తింటానక్కా? డాక్టరమ్మ వద్దంది కదా. చచ్చిపోతాను."

"మరి నీ పెళ్ళాన్ని తినమందా?"

గవరయ్య కంచం పక్కకి జరిపాడు. అత్తగారు కొంగు సర్దుకుంటూ ఎటో చూసింది.

అప్పుడే వంటింట్లో గ్లాసు పడింది. పైడమ్మ దవడ పట్టుకుని ఒరిగిపోయింది. పన్ను అని ఎవరో అనబోయారు. నోరుమూసుకుని ఆటో పిలవమంది నూకరత్నం.

ఆసుపత్రిలో పైడమ్మని తలుపు అవతలికి తీసుకెళ్ళారు. గవరయ్య బల్ల మీద కూర్చున్నాడు. ఆమె చేతి వాసన తన చొక్కాకి ఉందేమోనని చూసుకున్నాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచాడు. ప్రతిసారీ వేరెవరి కోసమో.

చాలాసేపటికి అదే డాక్టరమ్మ వచ్చింది. గుండెపోటేనంది. ఆడవాళ్ళకి చాలాసార్లు ఇలా దవడలో, వీపులో కూడా వస్తుందంది. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం దక్కేది కాదంది. ఆ తర్వాత నెత్తురు సంగతి చెప్పింది. చెడ్డ కొవ్వు ఆకాశంలో, మంచి కొవ్వు పాతాళంలో.

"మీ ఇద్దరిదీ ఒకే ఇల్లు కదా?" అని అడిగింది.

అప్పుడు గోడ వారన నిలబడ్డ అత్తగారు ముందుకి వచ్చింది. జన్మంతా ఆ నల్ల నూనె కూరే తిన్న మనిషి. రొమ్ము మీద చెయ్యి వేసుకుని, చిన్నపిల్లలా అడిగింది. "తల్లీ, నాది కూడా ఒకసారి చూస్తావా?"

పైడమ్మ బతికిందమ్మా. గుండెలో ఒక మూల మాత్రం దెబ్బ తిని, అలాగే ఉండిపోయింది. గవరయ్య నల్ల నూనె కుండ సబ్బులు చేసేవాళ్ళకి ఇచ్చేశాడు. మూకుడు ముందు తనే కూర్చున్నాడు, చేతులు కాల్చుకున్నాడు, నేర్చుకున్నాడు. కంచాలన్నీ ఒకేసారి వడ్డించాకే ఎవరైనా ముద్ద ముట్టాలని అత్తగారే కొత్త పద్ధతి పెట్టింది. పైడమ్మ పొద్దున్నే సముద్రం ఒడ్డున మెల్లగా నడిచేది. ఆమె దవడ మీద చెయ్యి పెట్టుకుందంటే మాత్రం ఇంట్లో అందరి చేతుల్లో ముద్దలు ఆగిపోయేవి.

ఏం, లేచావెందుకు? అమ్మ తిన్నదో లేదో చూసొస్తావా? వెళ్ళు. కంచంలో ఏముందో కూడా చూసిరా.

ఏమంది? గిన్నెలు కడిగాక తింటానందా? చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు. గిన్నెలు మీ నాన్న కడుగుతాడని చెప్పు, అమ్మమ్మ చెప్పిందని చెప్పు. రెండు చేప ముక్కలు మూత కింద దాచాను, అవి వెయ్యి. ఆమె తినేదాకా పక్కనే ఉండు. అప్పుడు వచ్చి పడుకుంటే నేను ఆఖరి మాట చెప్తాను.

తిన్నదా? మొత్తం తిన్నదా? అయితే సరే.

కథ కంచికి, చేప ముక్క అమ్మ కంచానికి, మనం మంచానికి.