అన్ని పాటలూ ఉన్న పెట్టె

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊరంటే ఎంతనుకున్నావు, సగం ఇసక, సగం ఉప్పుగాలి, మిగిలిందంతా మా చుట్టాలు. నవ్వకే గుంటా, నవ్వితే కథ పారిపోద్ది.

ఆ ఊరికంతటికీ ఒకటే పెద్దవల. పడవలో తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ తిప్పి వదిలితే, ఒడ్డునున్న ఆడా మగా రెండు తాళ్ళు పట్టి లాగాలి. ఒకడు ముందూ ఒకడు వెనకా లాగితే వల చిరిగిపోద్ది. అందరూ ఒక్క ఊపున లాగాలంటే పాటుండాలి. ఆ పాట పాడేవాడు ఎర్రయ్య. ఆయన గొంతెత్తితే చేపలే ఎదురొచ్చి బుట్టల్లో కూర్చునేవి. అబద్ధమైతే నా ముక్కుపుడక ఊడిపోవాల.

అలాంటి ఎర్రయ్యకి పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. అప్పుడు వల లాగబోతే తలో దిక్కూ లాగారు. చేప తోక కూడా పడలేదు.

కులపెద్ద పేరు గురువులు. ఆయనకి విసుగొచ్చింది. "పాట లేని వల ఎందుకురా? అమాస దాకా చూద్దాం. అప్పటికీ ఇంతేనంటే, వలని ముక్కలుగా కోసి ఇంటికింత పంచేసుకుందాం" అన్నాడు.

ఆ మాట విని ఎర్రయ్య కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆ వల ఆయన తాత చేత్తో అల్లింది. ఎర్రయ్య కూతురు పోలమ్మ ఆ నీళ్ళు చూసింది. నాన్న ఉండగా ఆ వల మీద కత్తి పడకూడదనుకుంది.

అప్పుడు పోలమ్మ సెల్ఫోన్లు బాగుచేసే జగ్గారావు కొట్టుకి పరిగెత్తింది. జగ్గారావు ఆమెకి మేనబావ. నాకంటే పెద్ద కోతలరాయుడు. నీకు అంతకంటే ఏం చెప్పను! వాడు ఒక పెట్టె చేశాడు. రాయగలిగిందల్లా రాసేసే పెట్టె.

ఎలాగంటావా? నాకు అ నుంచి ఔ దాకా వచ్చు, అం దగ్గర మా అమ్మ మేకల్ని కాయమంది. నాకే అర్థమైంది, నీకవదా? అక్షరాల్ని ఒకదాని పక్కన ఒకటి ఎన్ని రకాలుగా పేర్చొచ్చో, అన్ని రకాలుగానూ పేర్చుకుంటూ పోద్ది ఆ పెట్టె. పుట్టిన మాటా, ఇంకా పుట్టని మాటా, అన్నీ అందులోనే.

"మా నాన్న పాటుందా బావా?"

"మీ నాన్న పాటేటి, మీ నాన్న తుమ్మిన తుమ్ము కూడా ఉంది."

"కోతలు తర్వాత కోద్దువు గానీ, ముందు పాట తియ్యి."

జగ్గారావు మీట నొక్కాడు. కాగితాలు వచ్చాయి. అఅఅ. అఅక. అకక. కొట్టు నిండింది, వీధి నిండింది. మేకలు తిని తిని ఇంక మావల్ల కాదన్నాయి. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం, చేపలు ఏరినట్టే ఏరేద్దామని బుట్టలు పట్టుకుని కూర్చున్నారు. జగ్గారావు చదువుతాడు, పనికిరానిదైతే వీళ్ళు "ఇసిరీ!" అని అవతల పారేస్తారు. పొద్దు వాలేసరికి బుట్టలో మిగిలింది ఒకటే మాట, ఉప్పు.

"సముద్రాన్నంతా ఒడ్డుకి తెచ్చి చేపేదీ అంటే ఎలా బావా? నీ పెట్టెకి కూడా ఒక వల కట్టు" అంది పోలమ్మ.

ఆ తర్వాత జగ్గారావు వల కట్టాడు. 'లాగు' అనీ 'ఆగు' అనీ ఉన్న పాటలు మాత్రమే రావాలన్నాడు. వచ్చాయి. కొన్ని జోలపాటల్లా ఉన్నాయి, కొన్ని పెళ్ళాం మొగుడు తిట్టుకున్నట్టు ఉన్నాయి. "ఇసిరీ, ఇసిరీ!" అంటూ పోతుంటే ఒక పాట దగ్గర, పక్కనే కూర్చోబెట్టిన ఎర్రయ్య కాలి బొటనవేలు ఇసకలో కదిలింది. పోలమ్మ గబుక్కున ఆ కాగితం లాక్కుంది. అది నాన్న ఎప్పుడో పాడిన పాటే!

మర్నాడు ఆ పాట పాడి లాగారు. ఎంత చేప పడిందనుకున్నావు? ఒకదాని తోక ఒడ్డున ఉంటే తల మీ బడి దగ్గరుంది. జగ్గారావు మీసం తిప్పి, "గురువులు మావా, ఇంక కులపెద్దని నేనే" అన్నాడు.

ఆ మర్నాడు అదే పాట పాడారు. పర్రున వల చిరిగిపోయింది! చేపలన్నీ నవ్వుకుంటూ వెళ్ళిపోయాయి.

"రేపే అమాస" అని గురువులు కత్తి నూరుకోడానికి పోయాడు. మిగతావాళ్ళు దిగాలుగా వల కుడుతూ కూర్చున్నారు.

అప్పుడు పోలమ్మ, "ఏటి తప్పు జరిగింది నాన్నా?" అంది. ఎర్రయ్య గడ్డంతో సముద్రం వైపు చూపించాడు. పోలమ్మ చూసింది. నిన్న అలలు బారుగా వచ్చాయి, ఇవాళ పొట్టిగా, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అల వస్తుంటే లాగాలి, వెనక్కి పోతుంటే కాలు తన్నిపెట్టి ఆగాలి. వీళ్ళేమో ఆగాల్సినప్పుడు లాగారు. నాన్న పాడిన పాట మళ్ళీ పాడగా తనెప్పుడూ వినలేదని అప్పుడు తట్టింది పోలమ్మకి.

"బావా, రేపటి పాట తియ్యి."

"ఉందే. రేపు అలలు ఎలా వస్తాయో చెప్పు, తీస్తాను."

పోలమ్మ లేచి అలల దగ్గరికి పోయింది.

అమాస నాడు వల వేశారు. పోలమ్మ నాన్నని ఒడ్డున కూర్చోబెట్టి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, పెట్టె పాట ఎత్తుకోబోయి మింగేసింది. అలని చూసింది. నోరు తెరిచింది.

"చిట్టి అలొచ్చె, చిన్నంగ లాగు
ఎనక్కి పోతాంది, ఆగాగు ఆగు
పెద్దమ్మ వచ్చె, పేణమెట్టి లాగు!"

తాడు ఒక్క ఊపున కదిలింది. ఎర్రయ్య మడమ ఇసకలో తాళం వేసింది. వల నిండుగా ఒడ్డెక్కింది. గురువులు ఆ కత్తితోనే చేపలు కోసి ఊరందరికీ పులుసు పెట్టించాడు.

అందరూ తింటుంటే జగ్గారావు సగం కొరికిన కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "పోలీ! నీ పాట మొదటి రోజు కాగితాల్లోనే ఉందే! మేక తినేసింది!"

"తింటే తిన్నాది. మరి మేక పాడలేదేం?" అంది పోలమ్మ.

అయితే పెట్టె పనికిరాదా అంటావా? ఏమోనే. అన్నిసార్లు "ఇసిరీ" అనకపోతే పోలమ్మ నోరు తెరుచుకునేదా? నన్నడిగితే, ఇప్పుడు నేను చెప్పిన కథ కూడా ఆ పెట్టెలో ఉండే ఉంటది. నా ముక్కుపుడకతో సహా. కానీ అందులో నువ్విలా ఆవలించవు కదా!

చేపేమో పులుసుకి, వలేమో గుంజకి,
కథేమో కంచికి, గుంటేమో దుప్పట్లోకి.