పొద్దున్నే కలిపిన దోసముక్కలు

అనగనగా ఒక అడవిలో, వేసవి పొడుగునా ఎవరూ నిప్పు రాజేయరాదని కట్టడి ఉండేది. ఎండుటాకులు అంటుకుంటే అడవే మిగలదు. అందుచేత ఆ రోజులలో అందరిదీ పచ్చి కాయగూరల భోజనమే.

ఒక వేసవిలో ముసలి ఏనుగు వడదెబ్బకు మంచం పట్టినంత పని అయింది. కబళం ముట్టడం మానివేసింది. "చల్లగా, పుల్లగా ఏదైనా ఉంటే తినగలనేమో" అన్నది నీరసంగా.

భోజనాల పెద్దరికం కొండముచ్చు మార్తాండానిది. కుందేలు ధవళ తన మడిలోని లేత దోసకాయలు తెచ్చి ఇచ్చింది. ఉడుత నిమ్మకాయలు, కౌజుపిట్ట నువ్వుల నూనె తెచ్చాయి. మార్తాండం ఒక కాయ కొరికి, "భేషుగ్గా ఉందే ధవళా" అన్నది.

పిల్లలూ, దోసముక్కలు తరగడానికి ఎంతసేపు? మార్తాండం తరిగింది. నూనె, నిమ్మరసం, ఉప్పు, మిరియాల పొడి కలిపి చిక్కబడేదాకా చిలికింది. అంతవరకు బాగానే ఉన్నది. ఆ రసాన్ని తినేవారు కూర్చున్న తరువాతనే ముక్కల మీద పోయాలని అడవిలో పసికూనకు కూడా తెలుసు. మార్తాండానికీ తెలుసు. అయినా పొద్దున్నే పోసివేసి, తన సేవను చూడవలసిందిగా అందరినీ పిలవడానికి అడవంతా తిరగబోయింది.

"మామా, ఉప్పు పడితే ముక్క నీరు వదులుతుంది కదా" అన్నది ధవళ.

"బెత్తెడు తోక లేదు, నాకు వంట నేర్పుతావా?" అన్నది మార్తాండం.

మధ్యాహ్నానికి ముక్కలు వాడిపోయి నీటిలో తేలుతున్నాయి. ఏనుగు తొండం పెట్టి, వెంటనే తీసివేసింది.

చుట్టూ చేరినవారు చూస్తుండగా మార్తాండం మండిపడింది. "ఈ కుందేలు నీళ్లకాయలు అంటగట్టింది" అన్నది. "ఉడుతా, నీ నిమ్మకాయలు కుళ్లినవి" అన్నది. "కౌజుపిట్టా, నీ నూనె కల్తీది" అన్నది.

ఉడుత కళ్లు తుడుచుకున్నది. కౌజుపిట్ట తల దించుకున్నది. ధవళకు మాత్రం చెవుల కొనల దాకా వేడెక్కింది. మండుటెండలో నీళ్లు మోసి పెంచిన కాయలవి. ఇంతమంది ఎదుట ఈ మాట పడితే, రేపటి నుంచి తన మడి వైపు ఎవరు వస్తారు?

"మామా, పొద్దున భేషన్న నోరు ఇదేనా?"

"నేను అనలేదు."

ధవళ మడికి పోయి, మిగిలిన కాయలు కోసుకుని వచ్చింది. ఉడుత నిమ్మకాయ పిండింది. కౌజుపిట్ట ఆ నూనెనే పోసింది. ఏనుగు ఎదుటనే తరిగి, అప్పటికప్పుడు కలిపి, ముందు పెట్టాయి. కరకరమనే చప్పుడు అందరికీ వినిపించింది. ఏనుగు ఆకు ఖాళీ చేసి, మరికొంచెం అడిగింది.

మార్తాండం గరిటె పట్టుకుని ముందుకు వచ్చింది. "తాతా, రేపు నేనే దగ్గరుండి..."

"వద్దు నాయనా" అన్నది ఏనుగు. "ముక్కలు పాడైనందుకు నాకు కోపం లేదు. మళ్లీ తరుగుకోవచ్చు. నీ తప్పును ముగ్గురి నెత్తిన రుద్దావు. అదీ నా కళ్లెదుటే. ఇకమీదట నా ముద్ద నీ చేతి మీదుగా రానక్కరలేదు."

మార్తాండం గరిటె కింద పెట్టింది.

నీతి: తప్పును ఒప్పుకుంటే దిద్దుకోవచ్చు, పరుల నెత్తిన రుద్దితే నమ్మకమే పోతుంది.